రావలసిన కూలి రాబట్టుకోవడం ఎలా: తెర మీది హీరో చేయని పని

ఇంటర్ పూర్తయిన తర్వాత నేను మిర్యాలగూడ పరిసరాల్లోని ఒక రైస్ మిల్లులో గుమస్తాగా చేరాను. లారీకి ఎక్కించిన బస్తాలు లెక్కపెట్టి చిట్టాలో రాయడం, శనివారం సాయంత్రం ఆ లెక్క ప్రకారం హమాలీ జట్టుకు కూలి పంచడం నా పని. లారీకి కొన్ని బస్తాలు తగ్గించి రాయమని లోపలి గదిలోంచి మాట వచ్చేది, నేను అలాగే రాసేవాణ్ణి. జట్టులోని పెద్దాయనకు చదువు రాదు. ఆయన గోదాము గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేవాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీదుగా ఒక అడ్డగీత. ఒక శనివారం కూలి చేతికి అందాక ఆయన, "సారూ, నా గోడ మీద ఎక్కువున్నయి, మీ పుస్తకంల తక్కువున్నయి" అన్నాడు. పుస్తకమే సరైనదని చెప్పి నేను చిట్టా మూసేశాను. ఆ రాత్రి పట్టణంలో రెండో ఆటకు వెళ్లాను. కూలీల డబ్బు కాజేసిన కాంట్రాక్టరును తెర మీద హీరో చితకబాదుతుంటే హాలంతా ఈలలు వేసింది, నేనూ వేశాను. విరామంలో లైట్లు వెలిగినప్పుడు మూడు వరుసల ముందు మా జట్టు కుర్రవాళ్లు కనిపించారు. వాళ్లూ వేశారు.

మోసపోయినవాళ్లూ, ఆ మోసాన్ని తన చేతితో రాసినవాడూ ఒకే హీరోకు ఈల వేయగలిగారంటే, ఆ వీరత్వం మాలో ఎవరినీ ఏమీ చేయమని అడగలేదన్నమాట. ఈ విషయం నన్ను చాలా ఏళ్లు వెంటాడింది. పనిచేసే చోట అన్యాయం జరిగినప్పుడు మామూలు మనుషులు వరుసగా ఏయే పనులు చేయాలో, ఆ తర్వాతి కాలంలో హమాలీలతో, మట్టిపని గుంపులతో తిరిగి నేర్చుకున్నంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

వీరగాథలు అక్కరలేదని నేను అనడం లేదు. పాలమూరు పల్లెల్లో పండుగ సాయన్న కథ ఇప్పటికీ పాడతారు. ఉన్నవాళ్ల సొమ్ము దోచి లేనివాళ్లకు పంచిన ఆ మనిషిని తరతరాలుగా జనం గుండెల్లో పెట్టుకున్నారంటే, అన్యాయాన్ని అన్యాయమని పేరు పెట్టి పిలవడానికి ఆ పాట వాళ్లకు ఉపయోగపడింది. అయితే మన ప్రాంతపు పాటల్లో ఇంకొక తీరు కూడా ఉంది. సుద్దాల హనుమంతు పశువులు కాసే పిల్లవాడి మీద కట్టిన పాటలో దొరను చితకబాదే వీరుడెవరూ లేడు. ఆ పిల్లవాడి చిరిగిన గొంగడి గురించి, జీతం కింద కొలిచి ఇచ్చే వడ్ల గురించి, అందులోని తాలు గురించి, కొలతలో పడిన తక్కువ గురించి ఆ పాట అడుగుతుంది. వెట్టి రాజ్యమేలుతున్న రోజుల్లో నల్లగొండ గ్రామాల్లో జనాన్ని కదిలించిన పాట కుంచం కొలత దగ్గర ఆగి ప్రశ్నించిందన్న సంగతి నాకు చాలా ముఖ్యమైనదిగా తోస్తుంది. కూలి విషయంలో అన్యాయం కొలతలోనే ఉంటుంది కాబట్టి, దాన్ని ఎదిరించే పని కూడా అక్కడే మొదలుకావాలి.

మీ లెక్క మీ దగ్గర ఉండాలి

మొదటి పని ఒక నోటు పుస్తకం కొనడం. రోజూ పని దిగగానే, ఇంటికి చేరకముందే, అందులో తేదీ, ఎక్కడ పనిచేశారు, ఎన్ని గంటలకు ఎక్కారు, ఎన్నింటికి దిగారు, ఎన్ని బస్తాలు లేక ఎన్ని మీటర్ల మట్టి, మాట్లాడుకున్న రేటు ఎంత, ఆ రోజు చేతికి ఎంత వచ్చింది, ఎవరు ఇచ్చారు అనే వివరాలు రాయాలి. రాత రానివాళ్లు ఇంట్లో బడికి వెళ్లే పిల్లల చేత రాయించుకోవచ్చు. ఒక్క రోజు కూడా విడిచిపెట్టకుండా, పని లేని రోజు 'పని లేదు' అని రాసుకుంటూ పోయిన పుస్తకానికి ఉండే విలువ, గొడవ వచ్చాక కూర్చుని జ్ఞాపకం మీద రాసిన పది పేజీలకు రాదు. అధికారి ముందు అలాంటి పుస్తకం పెట్టినప్పుడు ఆయన మొదట చూసేది అక్షరాలు ఒకే రోజున ఒకే పెన్నుతో రాసినవా, రోజు రోజుకూ రాసినవా అన్నదే.

గోడ మీద గీతలు ఎందుకు సరిపోవో నాకు ఆ ఏడాది దసరాకే తెలిసింది. పండుగకని గోదాముకు సున్నం వేయించారు. పెద్దాయన ఆరు నెలల లెక్క ఒక్క పూటలో తెల్లబడిపోయింది.

సాక్ష్యం అంటే మస్టరు (హాజరు పట్టీ), జీతపు చీటీ మాత్రమేనని చాలామంది అనుకుంటారు. ఫోన్‌పేలో వచ్చిన డబ్బు వివరం, "రేపు ఆరింటికి రండి" అని మేస్త్రి పంపిన వాట్సాప్ మాట, పని చోట తేదీ కనిపించేలా తీసిన ఫోటో, గేటు పాసు, లారీ నంబరు, బస్సు టికెట్టు, అన్నీ పనికొస్తాయి. ఫోను మారినప్పుడు పాతవి పోకుండా ఇంకొకరి ఫోనులో కూడా ఒక ప్రతి ఉంచుకోవాలి. తెల్లకాగితం మీద గానీ, అంకె నింపని వోచరు మీద గానీ సంతకం పెట్టవద్దు, వేలిముద్ర వేయవద్దు. పెట్టక తప్పని పరిస్థితి వస్తే ఆ కాగితానికి ముందే ఫోటో తీసుకోండి.

పుస్తకం నెల రోజులు నిండాక కూర్చుని కూడిక వేయండి. ఉదాహరణకు బస్తాకు 6 రూపాయల రేటు అనుకుందాం. లారీకి 20 బస్తాలు తగ్గించి రాస్తే 120 రూపాయలు పోతాయి. రోజుకు 5 లారీలు, నెలకు 25 పనిదినాలు అయితే అది 15,000 రూపాయలు. పదిమంది జట్టులో మనిషికి నెలకు 1,500, మూడేళ్లకు 54,000. ఏ ఒక్క శనివారమూ పెద్ద నష్టంగా కనిపించనిది ఇలా కూడితే ఒక ఆడపిల్ల కాలేజీ చదువు ఖర్చంత అవుతుంది. ఈ అంకె చేతిలో లేకుండా ఎవరి దగ్గరికి వెళ్లినా, "ఏదో తక్కువిస్తున్నారు సార్" అనే మాట తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు.

బాకీ ఉన్నది ఎవరు

పాలమూరు లేబరు అనే మాట దేశమంతటా ప్రాజెక్టుల మట్టిపనికి మారుపేరుగా నిలిచింది. ఆ పనికి మనుషులను తీసుకుపోయేది గుంపు మేస్త్రి. వానకాలం పనులు ముగిసే వేళకు ఇంటికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఆ అడ్వాన్సు తీరేదాకా కుటుంబమంతా ఆయన చూపించిన చోట పనిచేస్తుంది. లెక్క తేలక బాకీ మిగిలితే మరుసటి ఏడాదికి మోస్తుంది. కూలి అడిగితే మేస్త్రి "కాంట్రాక్టరు ఇయ్యలే" అంటాడు, కాంట్రాక్టరు "నేను మేస్త్రికి ఇచ్చిన" అంటాడు, కంపెనీవాళ్లు మీరెవరో తమకు తెలియదంటారు.

ఈ తిరుగుడుకు చట్టంలో జవాబు ఉంది. 2019లో పార్లమెంటు చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పనిలో పెట్టుకున్నవాడు కూలి ఇవ్వకపోతే, పని జరిగిన సంస్థ యజమాని ఆ కూలికి బాధ్యుడు. కాబట్టి నోటు పుస్తకంలో మేస్త్రి పేరుతో పాటు ఆ పైన ఉన్న కాంట్రాక్టరు పేరు, బోర్డు మీద ఉన్న కంపెనీ పేరు, పని జరుగుతున్న ఊరు, మండలం కూడా మొదటి రోజే రాసుకోవాలి. నాకు తెలిసిన గుంపుల్లో కూలి రాకపోవడం కంటే, ఎవరిని అడగాలో పేరు తెలియకపోవడమే ఎక్కువ మందిని వట్టి చేతులతో ఇంటికి పంపింది.

అడ్వాన్సు తీరలేదని మిమ్మల్ని వేరే పనికి పోనివ్వకపోయినా, పిల్లల్నో ఆధార్ కార్డునో పట్టి ఉంచుకున్నా అది కూలి తగాదా స్థాయిని దాటిపోయినట్టు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద అటువంటి అప్పు చెల్లదు, దాన్ని వసూలు చేసే హక్కు ఎవరికీ లేదు, వెట్టి చేయించుకున్నవారికి మూడేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. ఆ ఫిర్యాదు నేరుగా కలెక్టరుకు గానీ ఆర్డీఓకు గానీ ఇవ్వాలి.

మేస్త్రి కమీషను చిన్న విషయమని కొందరు సర్దుకుంటారు. 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో జరిగిన నిర్మాణ పనుల్లో కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసల కనీస వేతనం ఉండగా, కూలీలను తెచ్చిన జమాదార్లు ఒక రూపాయి కమీషనుగా పట్టుకుని మిగిలింది ఇచ్చేవారు. ఒక పౌరహక్కుల సంఘం రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకున్న సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అవుతుందని తీర్పు చెప్పింది. ఆ కేసు రోజుకు ఒక్క రూపాయి దగ్గర మొదలైంది. వెట్టి అనే మాటను దొరల గడీలతో పాటే పాతిపెట్టామని అనుకునే మనం, అత్యున్నత న్యాయస్థానం ఆ మాట అర్థాన్ని ఎంత దూరం తీసుకువచ్చిందో గుర్తు పెట్టుకోవాలి.

ఒక్కరు వెళ్లవద్దు

సినిమా నేర్పే అలవాట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఒంటరిగా వెళ్లి నిలబడటం. మన ప్రాంత చరిత్ర ఇందుకు భిన్నమైన సంగతి చెబుతుంది. అప్పటి నల్లగొండ జిల్లాలోని కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ పలుకుబడిని ఎదిరించి ఏళ్ల తరబడి కోర్టులో పోరాడాడు, గెలిచాడు, గెలిచిన తర్వాత హత్యకు గురయ్యాడు. ఆయన ధైర్యానికి సాటి లేదు. అయినా ఆయన కేసు ఆయన ఒక్కడిదిగా ఉండిపోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగినప్పుడు ఆయన వెనుక సంఘం (ఆంధ్ర మహాసభ) ఉంది, ఊరేగింపుగా కదిలిన ఊరు ఉంది. అందువల్లనే ఆ మరణం ఊరితో ఆగక వందల గ్రామాలకు పాకింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ 1996 లోక్‌సభ ఎన్నికలది. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోతున్నా ఎవరూ పట్టించుకోవడం లేదని జలసాధన సమితి ఆధ్వర్యంలో నల్లగొండ నియోజకవర్గంలో జనం మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. ఆ 480 మందిలో ఎవరి పేరూ నాకు గుర్తు లేదు, చదువరుల్లో చాలామందికీ ఉండదు. అయినా నల్లగొండ నీళ్ల గోస ఢిల్లీకి చేరింది ఆ పేర్లన్నీ ఒకే కాగితం మీద ఉన్నందువల్లనే. సినిమాకు ఇది పనికిరాదు. 480 మందికి పోస్టరు వేయలేరు. కూలి విషయంలో పనికొచ్చేది మాత్రం సరిగ్గా ఇలాంటిదే.

ఆచరణలో దీన్ని ఇలా చేయాలి. ముందుగా మీతో పనిచేసేవారిలో ఇద్దరినో ముగ్గురినో పిలిచి మీ పుస్తకం చూపించండి, వాళ్ల లెక్కలతో పోల్చండి. ఈ మాటలు పని చోట గాక ఎవరి ఇంటి దగ్గరైనా, ఇంటి ఆడవాళ్లు కూడా ఉండగా మాట్లాడుకోవడం మంచిది. కూలి ఎంత తక్కువ పడిందో కిరాణా కొట్టు బాకీ చూసే మనిషికి అందరికంటే ముందు తెలుస్తుంది. తర్వాత ఒకే కాగితం మీద అందరి పేర్లు, పనిచేసిన రోజులు, రావలసింది, వచ్చింది, బాకీ వరుసగా రాసి అందరూ సంతకాలు చేయండి. మొదటి సంతకం ఎవరిదన్న జంకు ఉంటే సంతకాలను గుండ్రంగా చేయించండి, అప్పుడు మొదలు ఎక్కడో ఎవరికీ తెలియదు. మిల్లుల్లో బీహారు హమాలీలు, బట్టీల్లో ఒడిశా కుటుంబాలు పనిచేస్తుంటే వాళ్లను వదిలిపెట్టి మీ ఒక్కరి లెక్క తేల్చుకోవద్దు. వాళ్లకు తక్కువ ఇవ్వగలిగినన్నాళ్లు మీ రేటు పెరగదు.

ఆ కాగితాన్ని యజమానికి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. అందులో కోపం ఉండకూడదు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు మేము ఇన్ని రోజులు పని చేసినాము. మాట్లాడుకున్న రేటు ప్రకారం మాకు ఇంత రావలెను, ఇంత వచ్చినది, ఇంత బాకీ ఉన్నది. ఈ ఉత్తరం అందిన పది రోజులలో చెల్లించగలరు" అన్నంత ఉంటే చాలు. చాలా తగాదాలు ఈ ఉత్తరంతోనే తీరిపోవడం నేను చూశాను, ఎందుకంటే అవతలివారికి భయం మన అరుపుల మీద ఉండదు, లెక్క మీద ఉంటుంది.

లేబర్ ఆఫీసు మెట్లెక్కినప్పుడు

పది రోజులు గడిచినా జవాబు రాకపోతే సహాయ లేబర్ అధికారి కార్యాలయానికి వెళ్లాలి. పని జరిగిన చోటు ఏ జిల్లాలో ఉందో అక్కడికే వెళ్లాలన్న సంగతి మరవద్దు. 2016లో ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది, ఉమ్మడి మహబూబ్‌నగర్ కూడా విడిపోయింది. హుజూర్‌నగర్‌లో పనిచేసి నల్లగొండలో అర్జీ పెడితే సూర్యాపేటకు పొమ్మంటారు, ఒక రోజు కూలి పోతుంది.

వేతనాల కోడ్ ఏమి చెబుతుందో ముందే తెలుసుకుని వెళ్లండి. దినకూలీకి ఆ పూట పని దిగేటప్పటికి, వారం కూలీకి వారపు సెలవుకు ముందటి పనిదినాన, నెల జీతగానికి మరుసటి నెల 7వ తేదీలోగా డబ్బు ముట్టాలి. పనిలోంచి తీసేసినా, మీరే మానుకున్నా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. కోతలన్నీ కలిపినా కూలిలో సగానికి మించకూడదు. రావలసిన కూలి కోసం మూడేళ్లలోగా అర్జీ పెట్టుకోవచ్చు. ఎంతమంది ఉన్నా అందరికీ కలిపి ఒకే అర్జీ చాలు, రిజిస్టరైన కార్మిక సంఘం కూడా మీ తరఫున వేయవచ్చు. ఎగ్గొట్టినట్టు తేలితే బాకీతో పాటు, దానికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించే అధికారం విచారణాధికారికి ఉంది. అప్పటికీ కట్టకపోతే భూమి శిస్తు బకాయిని వసూలు చేసినట్టు కలెక్టరు ద్వారా వసూలు చేస్తారు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కూలి ఇచ్చామని రుజువు చేసే భారం యజమానిదే. "ఇవ్వలేదని నువ్వే రుజువు చెయ్యి" అని ఎవరైనా గద్దిస్తే ఈ మాట నెమ్మదిగా గుర్తు చేయండి.

అర్జీ రెండు ప్రతులు తీసుకుపోయి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజావాణిలో ఇంకొక ప్రతి ఇవ్వండి. మీ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వకీలు అవసరమైతే జిల్లా కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు వకీలును ఉచితంగా పెడతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

విచారణకు పిలిచిన ప్రతిసారీ కనీసం ముగ్గురు వెళ్లండి, ఆ రోజు వాళ్లకు పోయే కూలిని మిగతావాళ్లు తలా కొంత వేసుకుని పూడ్చండి. వాయిదాలకు తిరగలేక వదిలేసిన అర్జీలే ఎక్కువ.

ఒక్క హెచ్చరిక. ఎవరి మీదా చేయి చేసుకోవద్దు, అద్దం పగలగొట్టవద్దు. తెర మీద చప్పట్లు కొట్టించే ఆ ఒక్క దెబ్బ పడగానే వ్యవహారం లేబర్ ఆఫీసు నుంచి పోలీస్ స్టేషనుకు మారిపోతుంది, అప్పటిదాకా బాకీ పడ్డ మనిషి బాధితుడైపోతాడు, మీ కూలి మాట ఎత్తేవాడు ఉండడు. బెదిరింపు వస్తే ఎవరు, ఎప్పుడు, ఏమన్నారో అదే నోటు పుస్తకంలో రాసి, ఆ రోజే నలుగురితో కలిసి పోలీసులకు రాతపూర్వకంగా ఇవ్వండి.

పుస్తకం మీ చేతిలో ఉంటే

గుమస్తాలకు, సూపర్‌వైజర్లకు, సైటు ఇంజనీర్లకు ఈ చివరి మాటలు. పనిచోట అన్యాయం మన చేతి రాత లేకుండా జరగదు. యజమాని ఆలోచన మాత్రమే ఉంటుంది, అంకె వేసేది మనం. ఉద్యోగం పోతుందన్న భయం నిజమైనదే, మా ఇంట్లో అప్పుడు నా జీతం తప్ప వేరే ఆధారం లేదు. అందుకే వెంటనే ఎదురు తిరగమని నేను ఎవరికీ చెప్పను. ఎక్కించిన బస్తాకూ రాసిన అంకెకూ మధ్య తేడా పెరగకుండా చేసే చిన్న పద్ధతి ఒకటి చెబుతాను.

గోడకు సున్నం వేసిన తర్వాతి వారం నేను చిట్టాలో కార్బన్ కాగితం పెట్టడం మొదలుపెట్టాను. లారీ కదిలే ముందే తేదీ, లారీ నంబరు, బస్తాల సంఖ్య, రేటు రాసి, సంతకం చేసి, ఆ చీటీని జట్టు పెద్దాయన చేతికి ఇచ్చేవాణ్ణి. శనివారం దాకా ఆగితే లోపలి నుంచి మాట వస్తుంది. లారీ పక్కన నిలబడి రాసిన అంకెను తర్వాత దిద్దడం ఎవరికైనా కష్టం. పెద్దాయన ఆ చీటీలను పాలిథిన్ కవరులో చుట్టి నడుముకు కట్టుకునేవాడు. శనివారం నా ముందు నేల మీద వాటిని వరుసగా పరిచి, "ఇగ చదువు సారూ" అనేవాడు. నేను ఒక్కొక్కటీ పైకి చదివేవాణ్ణి, జట్టంతా వినేది. మొదటి శనివారమే మనిషికి రెండు వందల పైచిలుకు ఎక్కువ వచ్చింది.

సంక్రాంతి వెళ్లాక నన్ను పనిలోంచి తీసేశారు. నా స్థానంలో వచ్చిన గుమస్తా చీటీలు ఇవ్వనన్నాడట. చీటీ చేతికి రానిదే లారీకి ఎక్కించేది లేదని జట్టు బస్తాల నెట్టు పక్కనే కూర్చుందట. ఆ మధ్యాహ్నం మూడు లారీలు వరుసగా ఆగిపోయాయని, సాయంత్రానికి కొత్త గుమస్తా కార్బన్ కాగితం తెప్పించాడని పెద్దాయనే నాకు బస్టాండులో కనిపించినప్పుడు చెప్పాడు.